బోల్టు తేలిగ్గా మూసుకున్న రోజు

మా అక్క మొగుడు డెల్మార్ క్విస్ట్ ఏ వస్తువునీ పారేసే మనిషి కాదు. విరిగిన గొడ్డలి కామాలు, అరిగిపోయిన గుర్రపు నాడాలు, జత పోయిన చేతి తొడుగులు, అన్నీ ఆయన కొట్టంలో ఏదో ఒక మేకుకి వేలాడుతూ ఉండేవి. ఈ చెత్తంతా నీతోపాటు పూడ్చాలంటే ఎంత గొయ్యి తవ్వాలో అని నేను దెప్పితే, "నీకు తవ్వే దాంట్లో సగం చాల్లే వెర్లా" అనేవాడు. నేను కాస్త లావుపాటి మనిషిని. మా ఇద్దరి మధ్య మాటలు ఎప్పుడూ ఇలాగే నడిచేవి. ఇప్పుడు డెల్మారూ లేడు, మా అక్క లెనోరా కూడా పోయింది. అందుకని ఆ ఏడు దుప్పుల వేట మొదలైన రోజు సంగతి చెప్పడానికి నాకిక అడ్డు లేదు.

డెల్మార్ అడవిలో చెట్లు కొట్టేవాడు. మా క్రో ఫోర్క్ లోయలో రంపం పట్టడంలో ఆయనకి సాటి లేరని చెప్పుకునేవారు, అది నిజమే. ఒక వసంతంలో లారీ మీద పేర్చిన దుంగల గొలుసు తెగి, పై దుంగ దొర్లి వచ్చి ఆయన తుంటి మీద పడింది. ఆస్పత్రిలో ఎముకలకి మేకులు కొట్టి ఇంటికి పంపారు. నడక వచ్చింది గానీ కొండ ఎక్కే నడక కాదు. నొప్పికి ఇచ్చిన మాత్రలు మింగి గోడ వైపు తిరిగి పడుకునేవాడు. లెనోరా పలకరిస్తే ఊ అని కూడా అనేవాడు కాదు. ఆ చలికాలమంతా వాళ్ళింటికి వెళ్ళాలంటే నాకు భయంగా ఉండేది.

చివరికి ఆయన్ని మంచం మీంచి లేపింది వంటింటి వెనక గదిలో ఉన్న పాత బల్ల. ఆ బల్లకి తూటాలు నింపే ప్రెస్ బిగించి ఉండేది. మా మోంటానాలో తూటాలు దుకాణంలో కొనేవాణ్ణి సోమరి కింద జమకడతారు. కాల్చాక మిగిలిన ఇత్తడి డొల్లని తెచ్చుకుని, అడుగున నిప్పు రాజేసే చిన్న టోపీ కొత్తది కొట్టి, తుపాకి మందు పోసి, మూతికి గుండు బిగించి మళ్ళీ వాడతారు. పేలినప్పుడు డొల్ల ఉబ్బుతుంది కాబట్టి ముందు దాన్ని ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకి తేవాలి. పనితనమంతా ఆ నొక్కడంలోనే ఉంది. తక్కువ నొక్కితే తూటా తుపాకిలో కూర్చోదు, దాని వెనక గడియలా మూసే బోల్టు మూసుకోదు. ఎక్కువ నొక్కితే మెడ కింద వాలుగా ఉండే డొల్ల భుజం వెనక్కి జరిగి, తూటా లోపల వదులైపోతుంది. వదులుగా ఉన్న తూటా పేలితే ఆ ఖాళీ నిండేదాకా ఇత్తడి సాగి అడుగు దగ్గర తెగుతుంది. అప్పుడు లోపలి నిప్పు బోల్టు సందుల్లోంచి కాల్చినవాళ్ళ మొహం మీదికి వస్తుంది. మా చర్చిలో ఆర్గన్ వాయించే ఓలాఫ్ బ్రెక్కెకి కుడికన్ను గాజుది. అది ఎలా పోయిందో మా లోయలో ఎవరూ అడగరు.

ఒకరు నింపిన తూటా ఇంకొకరు కాల్చకూడదని మాకొక కట్టుబాటు ఉంది. అన్న నింపింది తమ్ముడు కూడా ముట్టడు. భార్యకి మాత్రం మినహాయింపు. మొగుడు నింపిన తూటానే భార్య కాల్చాలి. ఆమె దుకాణంలో కొన్నదని తెలిస్తే ఆ మొగుడు దాణా కొట్టులో మళ్ళీ తలెత్తుకు తిరగలేడు. మగవాళ్ళు కాఫీ కప్పులు పట్టుకుని స్టవ్ చుట్టూ చేరేది అక్కడే, ఒకళ్ళ పరువు ఒకళ్ళు తీసుకునేదీ అక్కడే.

డెల్మార్ తుంటి పోయాక వేట లెనోరా మీద పడింది. చలికాలానికి ఒక ఎల్క్ దుప్పి పడకపోతే ఆ ఇంట్లో మాంసం లేనట్టే. ఆమె చేతిలో మా నాన్న తుపాకి ఉండేది. అది బాగా పాతది, లోపల తూటా కూర్చునే గది కాస్త పొడుగు. అందుకని ఆమె డొల్లలు నొక్కేటప్పుడు డెల్మార్ అచ్చు కింద ఒక సన్నని వాషర్ వేసేవాడు, భుజం మరీ వెనక్కి పోకుండా. ఏటా వేటకి ముందు ఆమె తూటాలని డబ్బాలో పేర్చి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి, పుట్టినరోజు కేకు ఇచ్చినట్టు చేతికిచ్చేవాడు.

వేట అయ్యాక లెనోరా కొట్టంలో కూర్చుని, ఖాళీ డొల్లల్లోంచి పాత టోపీలు మేకుతో పొడిచి తీసేసి, సబ్బు నీళ్ళలో కడిగి తళతళలాడేలా తెచ్చి ఇచ్చేది. ఆయన మురిసిపోయేవాడు. లోయలో ఇంకెవడి పెళ్ళాం మొగుడికి డొల్లలు కడిగి ఇస్తుందో చూపించమని దాణా కొట్టులో సవాలు చేసేవాడు. ఇంకో గొప్ప కూడా చెప్పుకునేవాడు. తన డొల్లలు కొన్నిసార్లు కాల్చేసరికే మెడ దగ్గర పగుళ్ళిస్తుంటే, లెనోరావి ఎన్నేళ్ళైనా కొత్తవాటిలాగే ఉంటాయట. మీ నాన్న తుపాకికి ఇత్తడి మీద జాలెక్కువ అనేవాడు నాతో. సరేలే అని నేను కాఫీ పోసుకునేదాన్ని.

ఆ ఏడు శరత్కాలంలో ఆయన సొంత తూటాలు మొండికేశాయి. వేట లేకపోయినా కొట్టం వెనక వేలాడదీసిన ఇనప పళ్ళేన్ని కొట్టడం ఆయనకి సరదా. నింపిన తూటా తుపాకిలో పెడితే బోల్టు సగంలో ఆగిపోయేది. అరచేత్తో కొడితే తప్ప మూసుకునేది కాదు. గ్రీజు తక్కువైందనుకుని ఎక్కువ రాశాడు. ఆ గ్రీజు అచ్చులో పేరుకుపోయి డొల్లల భుజాలు సొట్టలు పడ్డాయి. మళ్ళీ అన్నీ తుడిచి మొదటికొచ్చాడు. అచ్చుని ఇంకా కిందికి తిప్పి, ప్రెస్ చెయ్యి మీద ఒళ్ళంతా వేసి నొక్కాడు. బల్ల మూలిగింది గానీ డొల్ల దారికి రాలేదు.

కొవ్వొత్తి మసి పట్టించి ఒక డొల్లని తుపాకిలో పెట్టి తీస్తే, భుజం దగ్గర మసి చెరిగిపోయి ఉంది. రోగం అక్కడే ఉందని నాకు చూపించాడు. ఇత్తడి కూడా మనుషుల్లాంటిదేనట. మాటిమాటికీ ఉబ్బి, మాటిమాటికీ నలిగితే గట్టిపడిపోతుంది. అచ్చులోంచి బయటికి రాగానే వెనక్కి లేచి నిలబడుతుంది. అలాంటి డొల్లల మెడలు మంట మీద కాల్చి మెత్తబరచాలి, లేదా పారేయాలి. పారేయడం ఆయన వంశంలో లేదు. మంట మీద కాల్చే పనికి ఆయన కళ్ళు సహకరించవు. ఎరుపు ఏ క్షణాన తిరుగుతుందో ఆయనకి సరిగా కనిపించేది కాదు, ఆ మాట పైకి ఒప్పుకునేవాడూ కాదు.

అందుకని మూడో దారి పట్టాడు. నొక్కేటప్పుడు డొల్ల అడుగుని పట్టి ఉంచే ఉక్కు బిళ్ళ ఒకటి ప్రెస్‌లో ఉంటుంది. దాని పైభాగాన్ని సానరాయి మీద అరగదీశాడు. బిళ్ళ పలచబడితే డొల్ల అచ్చులోకి ఇంకాస్త లోపలికి వెళ్తుంది. అలా నొక్కిన తూటా పెట్టగానే బోల్టు వెన్నలోకి కత్తి దిగినట్టు దిగింది. మా అక్కచెల్లెళ్ళిద్దర్నీ పిలిచి, లెనోరా చిటికెన వేలితో బోల్టు మూయించి చూపించాడు. అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా కాలమైంది. ఆ ఊపులోనే కూర్చుని లెనోరా తూటాలు కూడా నింపేశాడు. ఆమెకి వేయాల్సిన వాషర్ మర్చిపోకుండా వేశాడు. బిళ్ళ మాత్రం మార్చలేదు.

వేట మొదలయ్యే రోజున లెనోరా చీకటితోనే గుర్రం ఎక్కి కొండకి వెళ్ళిపోయింది. నేను తెల్లవారాక రొట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. వేట రోజున ఇంట్లో కూర్చోవడం డెల్మార్‌కి ముళ్ళ మీద కూర్చున్నట్టుంటుంది కాబట్టి ప్రెస్ విప్పి శుభ్రం చేస్తున్నాడు. నేను కప్పు అందుకోబోతూ చూస్తే, ఆ బిళ్ళని కిటికీ వెలుగులో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరగదీసిన చోట కొత్తగా మెరుస్తోంది.

నేనేదో వేళాకోళం ఆడాను. ఆయన వినలేదు. లెనోరా డొల్లల్లో నొక్కేసి, నింపకుండా మిగిల్చినవి కొన్ని బల్ల మీద ఉన్నాయి. ఒకటి తీసి, ఖాళీ ఎంతుందో చూడడానికి దాని అడుగున కాగితాలు అతికించే టేపు ముక్క అంటించి, తన తుపాకిలో పెట్టి బోల్టు మూశాడు. మూసుకుంది. దాని మీద ఇంకో ముక్క అంటించాడు. అదీ మూసుకుంది. సరిగ్గా నొక్కిన డొల్ల అయితే మొదటి ముక్కకో రెండో ముక్కకో బోల్టు పట్టెయ్యాలట. ఆయన అంటిస్తూనే ఉన్నాడు, అది మూసుకుంటూనే ఉంది. టేపు ఆయన వేళ్ళకే చుట్టుకుపోతోంది.

"నా తుపాకిలోనే ఇంత వదులు," అన్నాడు. "మీ నాన్నది ఇంకా పొడుగు. ఎన్నేళ్ళుగానో కాలుతున్న డొల్లలవి. మొదటి దెబ్బకే తెగుతుంది వెర్లా. లెనోరా మొహం బోల్టు వెనకాలే ఉంటుంది."

ఫోన్లు జేబుల్లోకి రాని రోజులవి. అప్పటికే వెలుగొచ్చేసింది, ఏ క్షణానైనా ఆమె ముందుకి దుప్పి రావచ్చు. డెల్మార్ తుపాకి భుజాన తగిలించుకుని, మంచులో నడవడానికి వాడే ఊతకర్రలు రెండూ చంకన పెట్టుకుని ట్రక్కు వైపు ఈడ్చుకుంటూ పోతున్నాడు. నువ్వు ఇంట్లో ఉండు, నేను వెళ్తానని అరిచాను. ఆమె కూర్చునే చోటు నీకు తెలుసా అని అడిగాడు. నాకు తెలీదు. అది ఆయన కాళ్ళు బాగున్నప్పుడు కూర్చున్న చోటు, ఆమెకి ఆయనే చూపించాడు.

దుంగల లారీలు తిరిగే దారి ఇనప గేటు దగ్గర ఆగిపోతుంది. అక్కణ్ణించి బళ్ళు పోనివ్వరు, నడవాల్సిందే. మోకాలి దిగువ దాకా మంచు. డెల్మార్ కర్రలు గుచ్చి, మంచి కాలు వేసి, చెడ్డకాలుని వెనకనించి లాక్కునేవాడు. అడుగడుక్కీ ఆయన గొంతులోంచి చిన్న శబ్దం వచ్చేది. నేను వెనకనించి తోస్తున్నాను, నాకే ఊపిరి అందడం లేదు. దేవుణ్ణి తలుచుకున్నానో తిట్టుకున్నానో గుర్తులేదు, రెండూ చేసి ఉంటాను.

చెట్లు పలచబడ్డ చోట నాకో ఆలోచన వచ్చింది. అడవిలో ఆపదలో ఉన్నవాళ్ళు వరసగా మూడుసార్లు కాలుస్తారు. ఆ చప్పుడు విన్నవాళ్ళు వేట మానేసి సాయానికి రావాలి. ఇంత తెలివి నాకు ముందే ఎందుకు రాలేదని తిట్టుకుంటూ డెల్మార్ భుజం మీంచి తుపాకి లాక్కుని ఆకాశం వైపు ఎత్తాను. ఆయన కర్రతో గొట్టాన్ని కిందికి కొట్టాడు. నా మణికట్టు తిమ్మిరెక్కిపోయింది.

"మూడు వింటే అది ఏం చేస్తుంది?" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. విన్నాం, వస్తున్నాం అని చెప్పడానికి తిరిగి ఒకటి కాల్చాలి. లోయలో పసిపిల్లలకి కూడా ఆ అలవాటు నూరిపోస్తారు. నేను పిలిచి ఉంటే మా అక్క నాకు జవాబు చెప్పడానికి ఆ తూటానే కాల్చి ఉండేది. నేను మంచులో కూలబడి గట్టిగా ఏడ్చేశాను. డెల్మార్ నన్ను ఓదార్చలేదు. లేవమన్నాడు, అంతే.

ఇక అరవడం ఒక్కటే మిగిలింది. "లెనోరా, కాల్చకు" అని అరుచుకుంటూ ఎక్కాం. గాలి పైనించి కిందికి వీస్తోంది, మా కేకలు మా వెనక్కే పోతున్నాయి. ఆఖరి ఏటవాలు దగ్గర డెల్మార్ కాలు ఇక లేవనంది. కొండ అంచున పిడుగు పడి విరిగిన లార్చ్ చెట్టు మాను చూపించి, దాని మొదలు దగ్గర ఉంటుంది, నువ్వు ముందు పో అన్నాడు. నేను చేతులతో కూడా పాకుతూ ఎక్కుతున్నాను.

తుపాకి పేలింది.

చప్పుడు కొండల్లో దొర్లి దొర్లి పోయింది. నేను ఉన్నచోటే బిగుసుకుపోయాను. మా నాన్న మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. దుప్పి పడినా సరే వెంటనే రెండోది కాల్చాలి, దెబ్బతిన్న జంతువుని బాధతో వదలకూడదు. లెనోరా ఏనాడూ ఆ పద్ధతి తప్పలేదు. రెండో చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని చూశాను. కొమ్మ మీంచి మంచు రాలింది. ఇంకేమీ వినిపించలేదు.

వెనక్కి తిరిగి చూస్తే డెల్మార్ కర్రలు వదిలేసి మంచులో కూర్చుండిపోయాడు. తలమీది టోపీ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"రెండోది రాలేదు," అన్నాడు. "నేను చంపేశాను దాన్ని."

నాకు ఆయన మీద కోపం రాలేదు, జాలీ కలగలేదు. పైకి వెళ్ళాలనీ లేదు, కిందికి దిగాలనీ లేదు. పైకి వెళ్తే ఏం చూడాల్సి వస్తుందో నాకు తెలుసు. ఓలాఫ్ బ్రెక్కె గాజుకన్ను నా ఎదురుగా నిలబడింది. చిన్నప్పుడు లెనోరా నా జడ వేసేది, గట్టిగా లాగి వేసేది, ఆ నొప్పి కూడా తలలో తెలిసింది. ఎలా లేచానో తెలియదు గానీ లేచాను. మాను దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను. తెరవడానికి ధైర్యం చాల్లేదు.

"వచ్చావా? ఈ కాలు ఎత్తి పట్టుకో," అంది మా అక్క.

కళ్ళు తెరిచాను. లెనోరా చేతులు మోచేతుల దాకా నెత్తురు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తర్వాత చూస్తే ఆ నెత్తురు దుప్పిది. మంచులో ఒక పెద్ద ఆడదుప్పి పడి ఉంది, దాని ఒంట్లోంచి ఆవిరి లేస్తోంది, మా అక్క కత్తి పట్టుకుని కడుపు కోస్తోంది. గుండెలో తగిలి నిలుచున్న చోటే పడిపోయిందట. కదలనిదాన్ని ఇంకోసారి ఎందుకు కాల్చాలి అంది. నేను మొహం చేతుల్లో పెట్టుకుని ఏడుస్తుంటే, ముక్కు తుడుచుకో, మాంసంలో పడుతుందని కసిరింది. ఆ కసురు ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. ఏటవాలు అంచుకి పరిగెత్తి, బతికే ఉందని కిందికి అరిచాను.

డెల్మార్ మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు. గడ్డానికి మంచు గడ్డకట్టింది. లెనోరా ఆయన్ని చూసి కత్తి కింద పెట్టేసింది, ఆ తుంటితో అంత కొండ ఎలా ఎక్కావని అడిగింది. ఆయన చేత్తో ఆమె మొహం రెండు వైపులా తడిమి చూశాడు. ఆ తర్వాత తిన్నగా తుపాకి దగ్గరికి పోయి బోల్టు వెనక్కి లాగాడు. ఖాళీ డొల్ల మంచులోకి ఎగిరి పడింది. పగులు లేదు, చీలిక లేదు. మెరుస్తోంది. దాన్ని తిప్పి అడుగు చూశాడు. డెల్మార్ వాడే టోపీలు వెండి రంగువి. దీని టోపీ పసుపు, చుట్టూ దుకాణపు తూటాలకి ఉండే ఎర్ర లక్క.

"ఇది నాది కాదు," అన్నాడు.

"కాదు," అంది లెనోరా.

"నావి ఏవి?"

"కొట్టంలో. పందికొవ్వు డబ్బాల్లో ఉన్నాయి."

"ఈ ఏటివా?"

ఆమె చేతులు మంచులో కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. "అన్నీ. నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన ఏటినించీ. ఆ మాత్రలు మింగే రోజుల్లో నువ్వు నింపినవాటిని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశా. అన్నింట్లో మందు గలగలమంది. ఒకదాంట్లో మాత్రం ఏ చప్పుడూ లేదు."

"నాకు చెప్పొచ్చుగా."

"చెప్తే నువ్వు మళ్ళీ ఆ బల్ల దగ్గరికి వెళ్ళేవాడివా? గోడ వైపు తిరిగి పడుకునేవాడివి, డెల్మార్. నాకు నువ్వు కావాలి. తూటాలదేముంది?"

పక్క జిల్లాలో ఎవరూ ఎరగని దుకాణంలో అదే రకం తూటాలు కొని తెచ్చుకునేదట. కాల్చాక ఆ కొత్త టోపీలు ఆయన కంటపడకుండా ముందే పొడిచి తీసేసేది. ఏడాదికేడాది ఆయన చేతికి వచ్చినవి ఒక్కసారే కాలిన కొత్త డొల్లలు. మా నాన్న తుపాకికి ఇత్తడి మీద జాలేమీ లేదు. డెల్మార్ డొల్లని జేబులో వేసుకుని, దుప్పి పక్కన కూర్చుని, దాని కాలు ఎత్తి పట్టుకున్నాడు. మేమెందుకు వచ్చామో నేనే చెప్పాను. అరగదీసిన బిళ్ళ సంగతి విన్నాక లెనోరా మళ్ళీ కత్తి అందుకుంది.

ఆ చలికాలం ఆ ఇంట్లో దుప్పి మాంసానికి లోటు లేదు గానీ మాటకి కరువొచ్చింది. డెల్మార్ బల్ల మీద దుప్పటి కప్పేశాడు. లెనోరా బాగా చిక్కిపోయింది. మందు లేని తూటా ఒక్కటి దొరికిందని, అన్నేళ్ళ పనినీ అనుమానించి, ఆయన్ని ఊరందరి ముందూ వెర్రివాణ్ణి చేశానేమోనని నా దగ్గర ఏడ్చింది. మిగతావన్నీ మంచివే అయి ఉంటే నన్ను నేను ఎలా క్షమించుకోను అంది. ఈ మాట నేను డెల్మార్‌కి మోసేశాను. నా నోట్లో ఏ మాటా ఆగదని లోయంతా ఎరుగు.

మర్నాడు ఉదయం ఆయన దుప్పటి తీసేసి, కొట్టంలోంచి కొవ్వు డబ్బాలన్నీ తెప్పించాడు. ఏ ఏటివి ఆ ఏటివిగా విడివిడిగా ఉన్నాయి, మా అక్క పద్ధతే అంత. చూపు సరిగా ఆనడం లేదని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నాన్న తుపాకి బోల్టులోంచి, టోపీని కొట్టి తూటా పేల్చే సూది తీసి పక్కన పెట్టాడు. ఒక్కొక్క తూటా గుండు ఊడదీసి, మందు గిన్నెలో పోసి, డొల్ల అడుగున నేను టేపు అంటించి ఇస్తే తుపాకిలో పెట్టి బోల్టు మూసేవాడు.

ఈ ఏటివి ఎన్ని పొరలు అంటించినా మూసుకుపోతూనే ఉన్నాయి. వాటిని బక్కెట్లో పడేశాడు. నిరుటి డబ్బా తెరిచాం. మొదటి టేపు ముక్కకే బోల్టు పట్టేసింది. ఆ ముందేటివీ అంతే, దాని ముందేటివీ అంతే. మందు చిట్టి త్రాసులో తూస్తే ఎక్కడా గింజ తేడా లేదు. మాత్రలు మింగే రోజుల్లో, గోడ వైపు తిరిగి పడుకుంటూ లేస్తూ నింపినవి కూడా, ఆ చప్పుడు లేని ఒక్కటి తప్ప, వంక పెట్టడానికి లేవు. అన్నేళ్ళూ ఆయన పని మచ్చలేని పని. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన ఆ డొల్లల్ని బల్లకి కుడివైపున చక్కగా నిలబెడుతూ వచ్చాడు, వాటిని వేలితో సవరించాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. లెనోరా గడపలోకి వచ్చి, తువ్వాలుకి చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఎప్పుడో ఆరిపోయిన చేతులు అవి, అయినా తుడుచుకుంటూనే ఉంది.

"ఎలా ఉన్నాయి?" అంది.

డెల్మార్ తల తిప్పకుండానే, కుడివైపున నిలబెట్టినవన్నీ ముంజేత్తో తోసేసి, ఈ ఏటివి పడేసిన బక్కెట్లోకి గలగలమని దొర్లించాడు. మంచివీ చెడ్డవీ కలిసిపోయాయి.

"అన్నీ వదులే లెనోరా," అన్నాడు. "ఏ ఏటివైనా అంతే. ఒక్కటి కాల్చినా నీ కన్ను పోయేది. మంచి పని చేశావు."

మా అక్క గడపకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. అన్నాళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయి పసిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. టేపు చుట్ట ఇంకా నా చేతిలోనే ఉంది. డెల్మార్ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. లెనోరా బతికున్నంత కాలం మళ్ళీ తెరవలేదు.

మంచు కరిగాక ఆయన దాణా కొట్టుకి వెళ్ళాడు. స్టవ్ చుట్టూ అందరూ ఉన్న వేళ చూసుకుని, భార్యకి దుకాణపు తూటాల డబ్బా ఒకటి కావాలని వినిపించేలా అడిగాడట. కప్పు ఎగిరిపోయేలా నవ్వారట. ఓలాఫ్ బ్రెక్కె ఒక్కడే నవ్వలేదట.